గ్లోబల్ ఫిషింగ్ వాచ్ మ్యాప్: చుక్క లేనంత మాత్రాన వేట లేనట్టు కాదు

సముద్రం మీద ఎవరెక్కడ వల వేస్తున్నారో ఇంట్లో కూర్చుని చూడొచ్చని చెప్పి చాలామంది ఈ మ్యాప్ తెరుస్తారు. తెరవగానే నల్లటి సముద్రం మీద మెరిసే గళ్లు కనిపిస్తాయి. చైనా తీరం, అర్జెంటీనా బయట, ఐరోపా చుట్టూ దీపావళిలా ఉంటుంది. అక్కణ్ణుంచి మన వైపు జరిపి, విశాఖ, కాకినాడ, నిజాంపట్నం దగ్గరికి వస్తే దాదాపు చీకటి. "మన దగ్గర అక్రమ వేట లేదన్నమాట" అని కొందరు, "ఇదంతా బోగస్" అని ఇంకొందరు మూసేస్తారు. రెండూ తప్పే. ఈ సేవ ఏం చూపిస్తుందో, ఏం చూపించలేదో, చూపించినదాన్ని ఎలా చదవాలో తెలిసి వాడితే దీనంత పనికొచ్చేది ఉచితంగా ఇంకోటి లేదు.

పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో. సముద్ర సంరక్షణ సంస్థ ఓషియానా, ఉపగ్రహ చిత్రాలతో పర్యావరణాన్ని గమనించే స్కైట్రూత్, గూగుల్ కలిసి మొదలుపెట్టి 2016 సెప్టెంబరులో జనానికి తెరిచారు. తర్వాత విడిగా లాభాపేక్ష లేని సంస్థ అయింది. వేట లెక్కలు 2012 నుంచి ఉన్నాయి. చూడటానికి ఖాతా అక్కర్లేదు. డేటా డౌన్‌లోడ్ చేసుకోవాలన్నా, మీరు అమర్చుకున్న మ్యాప్‌ను దాచుకోవాలన్నా ఉచిత ఖాతా తెరవాలి. డేటాను వ్యాపారానికి వాడకూడదు. ఇంగ్లిష్, స్పానిష్, ఫ్రెంచ్ లాంటి భాషలున్నాయి గానీ తెలుగు లేదు, హిందీ కూడా లేదు. ఫోన్‌లో తెరుచుకుంటుంది కానీ పని జరగాలంటే ల్యాప్‌టాప్, మంచి నెట్ ఉండాల్సిందే.

చుక్క ఎక్కణ్ణుంచి వస్తుంది

దీనికి ప్రాణం ఏఐఎస్. ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా తమ పేరు, స్థానం, వేగం, దిశ చెప్పుకుంటూ పోయే రేడియో పరికరం అది. 161.975, 162.025 మెగాహెర్ట్జ్ మీద పలుకుతుంది. పెద్ద ఓడల్లో ఉండే క్లాస్ ఏ పరికరం శక్తి 12.5 వాట్లు. చిన్న పడవల్లో పెట్టే మామూలు క్లాస్ బీ శక్తి 2 వాట్లే. తీరంలోని రిసీవర్లు, పైనున్న ఉపగ్రహాలు ఈ మాటల్ని పట్టుకుంటాయి. ఓడ కదలిక తీరు చూసి అది వేటాడుతోందా, ఊరికే ప్రయాణిస్తోందా అని కంప్యూటర్ అంచనా కడుతుంది. అందుకే మ్యాప్ మీద ఆ లేయర్ (సమాచారపు పొర) పేరు "అపారెంట్ ఫిషింగ్ ఎఫర్ట్". మన మాటల్లో "వేటలా కనిపిస్తున్నది". ఈ "లా" అనే అక్షరాన్ని మర్చిపోయిన ప్రతి వార్తా కథనమూ ఎక్కడో ఒకచోట బోల్తా పడుతుంది.

ఆ అంచనా ఎలా కడుతుందో మీరూ కళ్లతో పట్టుకోవచ్చు. ఏదైనా ఒక ట్రాలర్ ట్రాక్ తెరిచి, కింద కాలపట్టీలో వేగం గ్రాఫ్ పెట్టండి. రేవు నుంచి వెళ్లేటప్పుడు 8, 9 నాట్లు (ఒక నాటు అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు). వల దించాక 3, 4 నాట్లకు పడిపోయి గంటల తరబడి అక్కడే నిలకడగా ఉంటుంది. వల ఎత్తేటప్పుడు దాదాపు సున్నా. మళ్లీ 3, 4. మ్యాప్ మీద గీత దున్నిన చేనులా వెనక్కీ ముందుకీ పోతుంది. లాంగ్‌లైనర్ అయితే వేగంగా పోతూ గాలాలు కట్టిన పదుల కిలోమీటర్ల తాడు పరుస్తుంది, తర్వాత నెమ్మదిగా దాని వెంటే వెనక్కి వస్తూ ఎత్తుకుంటుంది. ఒక విడత పూర్తవడానికి ఇంచుమించు ఒక రోజు. ఈ రెండిటినీ కంప్యూటర్ బాగానే పడుతుంది. తడబడేది రింగు వల వేసే పెద్ద పర్స్ సీనర్ల దగ్గర. వల చుట్టేది కొద్ది నిమిషాల్లోనే. ఏఐఎస్ సందేశాలు ఎడంగా వచ్చే చోట ఆ చుట్టు రెండు చుక్కల మధ్య జారిపోతుంది. కాబట్టి ట్యూనా పర్స్ సీనర్ల వేట గంటలను ట్రాలర్ల గంటలతో పక్కపక్కన పెట్టి పోల్చకండి.

మన తీరం ఎందుకు చీకటి? మన దగ్గర ఏఐఎస్ తప్పనిసరి 20 మీటర్లు దాటిన వేట పడవలకే. విశాఖ హార్బర్‌లో బారులు తీరి ఉండే సోనా బోట్లు 13 మీటర్ల చిల్లర. ఫైబర్ బోట్లు, తెప్పలు అంతకంటే చిన్నవి. అంటే మన వేటలో అధిక భాగం ఈ మ్యాప్‌కు పుట్టుకతోనే కనిపించదు. దొంగతనంగా దాక్కోవడం కాదది, అసలు పరికరమే లేదు. 2024 జనవరిలో నేచర్ పత్రికలో ఈ సంస్థ పరిశోధకులే ఒక లెక్క వేశారు: ప్రపంచంలో పారిశ్రామిక స్థాయి వేట ఓడల్లో 72 నుంచి 76 శాతం బహిరంగ ట్రాకింగ్‌లో కనిపించడం లేదని. దక్షిణాసియా, ఆగ్నేయాసియా, ఆఫ్రికా తీరాలే ఆ చీకటిలో ఎక్కువ. తన కన్ను ఎంత గుడ్డిదో తానే కొలిచి చెప్పుకున్న సేవలు తక్కువ. ఈ విషయంలో వాళ్లకు మార్కులు పడాల్సిందే.

ఇక్కడ ఒక పక్క మాట. కేంద్ర ప్రభుత్వం మత్స్య సంపద యోజన కింద లక్ష పడవలకు ఇస్రో తయారీ ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం 2024 ఆగస్టులో మొదలుపెట్టింది. ఖర్చు రూ.364 కోట్లు. అది రెండు వైపులా మాట్లాడుతుంది. వాతావరణ హెచ్చరిక ఇస్తుంది, సరిహద్దు దగ్గరపడితే చెబుతుంది, ఆపదలో సందేశం పంపుతుంది. కానీ ఆ సమాచారం ప్రభుత్వం దగ్గరే ఉంటుంది, ఈ మ్యాప్‌లోకి రాదు. ఇండోనేషియా 2017లో, పెరూ 2018లో తమ ప్రభుత్వ ట్రాకింగ్ డేటాను ఈ మ్యాప్‌కు ఇచ్చాయి. పెరూ తీరం అందుకే అంత నిండుగా కనిపిస్తుంది. రెండు దేశాల మ్యాపులు పక్కన పెట్టి "వాళ్లే ఎక్కువ వేటాడేస్తున్నారు" అనడం ఎంత తప్పో దీంతో అర్థమవుతుంది.

రాడార్, రాత్రి దీపాలు

ఏఐఎస్ కట్టేసిన, లేదా అసలు లేని ఓడల కోసం ఇంకో రెండు లేయర్లున్నాయి. ఈ సేవలో అసలు సరుకు ఇదే, చాలామంది ఇక్కడి దాకా రారు.

మొదటిది రాడార్. ఐరోపా వారి సెంటినెల్-1 ఉపగ్రహం మేఘాల్లోంచీ చీకట్లోంచీ చూస్తుంది. ఇనుప ఓడ నీటి మీద తెల్లటి మచ్చలా మెరుస్తుంది. ఆ మచ్చ దగ్గర అదే సమయానికి ఏఐఎస్ చుక్క ఉంటే "మ్యాచ్డ్", లేకపోతే "అన్‌మ్యాచ్డ్". లేయర్ పెట్టుకుని ఫిల్టర్‌లో అన్‌మ్యాచ్డ్ ఒక్కటే ఉంచండి. వెంటనే మన తూర్పు తీరం కూడా మెరవడం మొదలుపెడుతుంది.

ఆ మెరుపు చూసి కంగారు పడొద్దు. 50 మీటర్లు దాటిన ఓడలు దీనికి దాదాపు అన్నీ దొరుకుతాయి. 25 నుంచి 50 మీటర్ల మధ్యవి చాలావరకు దొరుకుతాయి. 15 మీటర్ల లోపు చెక్క, ఫైబర్ బోట్లు దొరకడం అదృష్టం. తీరానికి ఒక కిలోమీటరు లోపు లెక్కలోకి తీసుకోరు. ఉపగ్రహం ఒకే చోటికి మళ్లీ రావడానికి 6 నుంచి 12 రోజులు పడుతుంది. జంటలో ఒకటైన సెంటినెల్-1బీ 2021 డిసెంబరులో పాడైపోయింది. దాని స్థానంలో 1సీ 2024 డిసెంబరులో పైకెళ్లింది. మధ్య మూడేళ్లలో ఫొటోలు పలచబడ్డాయి కాబట్టి, 2022లో చుక్కలు తగ్గాయని వేట తగ్గిందనుకుంటే పప్పులో కాలేసినట్టే. అన్నిటికంటే ముఖ్యం: ఈ ఉపగ్రహం ప్రధానంగా తీరప్రాంతాలనే తీస్తుంది. బంగాళాఖాతం నడిమధ్యలో ట్యూనా కోసం వచ్చే పరాయి ఓడను రాడార్ లేయర్‌లో వెతకడం దండగ, అక్కడ ఫొటోయే ఉండదు.

కాకినాడ, యానాం ముందు ఒక పరీక్ష చేసి చూడండి. అన్‌మ్యాచ్డ్ చుక్కలు గుంపుగా కనిపిస్తాయి. కాలపట్టీని నెల నెలకూ జరిపితే కొన్ని చుక్కలు అంగుళం కూడా కదలవు. అవి పడవలు కావు, కేజీ బేసిన్ చమురు, గ్యాస్ ప్లాట్‌ఫారాలు. సముద్రంలో పాతుకున్న కట్టడాలకు విడిగా ఒక లేయర్ ఉంది, అది కూడా పైన పెట్టుకుంటే ఏవి ఇనుప స్తంభాలో ఏవి ఓడలో తేలిపోతుంది. విశాఖ, గంగవరం ముందు లంగరేసిన సరుకు ఓడలు చాలావరకు మ్యాచ్డ్‌గానే కనిపిస్తాయి. ఈ రెండిటినీ తీసేశాక మిగిలినవే మీరు చూడాల్సినవి. వాటిలోనూ ఎక్కువ భాగం మన పెద్ద ట్రాలర్లే కావచ్చు. అన్‌మ్యాచ్డ్ అంటే అక్రమం కాదు, "ఎవరో చెప్పుకోలేదు" అని మాత్రమే అర్థం.

రెండోది రాత్రి దీపాల లేయర్. అమెరికా వాతావరణ ఉపగ్రహాల మీదున్న వీఐఐఆర్ఎస్ కెమెరా స్థానిక సమయం రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో పైనుంచి పోతూ సముద్రం మీది వెలుగుల్ని పడుతుంది. ఒక్కో గడి 750 మీటర్లు. స్క్విడ్ కోసం లైట్లు గుప్పించే ఓడలు దీనికి పట్టపగల్లా కనిపిస్తాయి. మబ్బు పడితే కనపడవు, అంటే మన వానాకాలంలో ఈ లేయర్ దాదాపు సెలవు తీసుకుంటుంది. పున్నమికి ముందూ వెనకా నాలుగు రోజులు కూడా నమ్మకండి, వెన్నెల్లో చిన్న దీపాలు కలిసిపోతాయి. పైగా వెన్నెల్లో దీపం వెలుతురు చేపల్ని తక్కువ ఆకర్షిస్తుందని చాలామంది ఆ రోజుల్లో దీపాల వేటకే పోరు.

మన ప్రత్యేక ఆర్థిక మండలంలో (తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా వేట మీద మనకే హక్కున్న సముద్రం) ఎల్‌ఈడీ లాంటి కృత్రిమ దీపాలతో వేటను 2017 నవంబరులో కేంద్రం నిషేధించింది. రెండు పడవలు కలిసి ఒకే వల లాగే బుల్ ట్రాలింగ్‌ను కూడా అప్పుడే ఆపింది. కాబట్టి ఆ మండలం లోపలి నీళ్లలో గుంపుగా బలమైన వెలుగులు, కదులుతూ, ఏఐఎస్ లేకుండా కనిపిస్తే అది అడగాల్సిన ప్రశ్న. చలికాలంలో ఒకసారి ఒమన్, యెమెన్ మండలాలకు బయట, అరేబియా సముద్రం నడుమ ఈ లేయర్ పెట్టి చూడండి. నీళ్ల మీద ఊరు లేచినట్టుంటుంది. అది ఏ దేశానిదీ కాని సముద్రం. అక్కడి స్క్విడ్ వేట మీద పెద్దగా పట్టింపులు లేకపోవడమే ఆ ఊరికి పునాది. "చట్టవిరుద్ధం" అనే మాట అక్కడ సరిపోదు, "నియంత్రణ లేనిది" అనాలి. ఐయూయూ (అక్రమ, లెక్క చెప్పని, నియంత్రణ లేని వేట) అనే మూడక్షరాల్లో మూడో అక్షరం అదే.

ఒక ఓడను పట్టి చూడటం ఎలా

మ్యాప్ మొత్తం చూసి ఏమీ తేలదు. ఒక ఓడ పట్టుకుని తవ్వితేనే పని. పేరుతో వెతక్కండి, ఒకే పేరుతో పదుల ఓడలుంటాయి. ఎంఎంఎస్ఐ అనే 9 అంకెల నంబరు తీసుకోండి. మొదటి మూడంకెలు దేశాన్ని చెబుతాయి: 419 మనది, 417 శ్రీలంక, 405 బంగ్లాదేశ్, 506 మయన్మార్, 567 థాయ్‌లాండ్, 525 ఇండోనేషియా, 463 పాకిస్తాన్, 422 ఇరాన్. చైనాకు 412, 413, 414. తైవాన్‌కు 416.

అయితే ఎంఎంఎస్ఐ అనేది పరికరంలో టైపు చేసే నంబరు. తప్పు కొట్టొచ్చు, కావాలనీ మార్చొచ్చు. 123456789 అని కొట్టి వదిలేసినవాళ్లూ ఉన్నారు. అలాంటి నంబరు ట్రాక్ తెరిస్తే గీత ఖండాలు దాటి గంతులేస్తుంది, నిజానికి అది నాలుగైదు ఓడల ఖిచిడీ. మనవైపు సముద్రాల్లో ఇంకో చిక్కు వలలకు కట్టే ఏఐఎస్ బోయలు. వల ఎక్కడుందో తెలియడానికి కట్టే చవక పరికరాలు ఓడల్లాగే పలుకుతాయి. ఇవి గుర్తుపట్టడం తేలిక: పేరు చివర బ్యాటరీ శాతమో వోల్టులో ఉంటాయి, నంబరు ఏ దేశానికీ చెందదు, వేగం అర నాటు, ఒకటి, ప్రవాహంతో పాటు కొట్టుకుపోతుంది. అలాంటి పది పన్నెండు బోయలు వరసలో కనిపిస్తే పది పన్నెండు పడవలు కాదు, ఒకే పొడవాటి వల.

నిలబడే గుర్తు ఐఎంఓ నంబరు. 7 అంకెలు, ఓడ పుట్టినప్పటి నుంచి తుక్కు అయ్యేదాకా మారదు. పేరు, జెండా, యజమాని ఎన్నిసార్లు మారినా అదే ఉంటుంది. వేట ఓడలకు ఈ నంబరు ఇచ్చే ఏర్పాటు 2013లో వచ్చింది. 2017 నుంచి 12 మీటర్ల ఓడలూ తీసుకోవచ్చు. వెసెల్ వ్యూయర్ అనే పేజీలో ఓడ తన గురించి తాను చెప్పుకున్నది ఒకవైపు, రిజిస్ట్రీల్లో ఉన్నది ఒకవైపు కనిపిస్తాయి. రెండూ కలవకపోతే అక్కడే ఆగి చూడాలి.

దీని విలువ తెలియాలంటే ఎస్‌టీఎస్-50 చాలు. అండ్రే డోల్గోవ్, సీ బ్రీజ్ 1, ఐడా అంటూ పేర్లు మార్చుకుంటూ అంటార్కిటికా చుట్టుపక్కల టూత్‌ఫిష్ దోచిన ఓడ అది. 2018 ఫిబ్రవరిలో మొజాంబిక్‌లోని మపుటోలో అధికారులు దాని కాగితాలు స్వాధీనం చేసుకుంటే అక్కణ్ణుంచి జారుకుంది. హిందూ మహాసముద్రం మీదుగా పోతుంటే దేశాలు, ఇంటర్‌పోల్, ఉపగ్రహ డేటా చూసేవాళ్లు ఒకరి సమాచారం ఒకరికి అందించుకున్నారు. ఏప్రిల్‌లో ఇండోనేషియా నేవీ సబాంగ్ దగ్గర ఆపింది. విప్పితే 30 కిలోమీటర్ల దాకా సాగే గిల్‌నెట్లు అందులో దొరికాయి. పేరు పట్టుకుని వెతికితే అది ఎప్పటికీ దొరికేది కాదు.

ట్రాక్ మీద వచ్చే గుర్తులు నాలుగు రకాలు, వాటి కొలతలు తెలిసి చదవాలి. రెండు ఓడలు 500 మీటర్ల లోపు, 2 గంటలకు పైగా, 2 నాట్ల లోపు వేగంతో పక్కపక్కన ఉంటే "ఎన్‌కౌంటర్". వేట ఓడ పక్కన ఐసు పెట్టెల రవాణా ఓడ నిలిచిందంటే చేపలు మార్చుకుని ఉండొచ్చు. డీజిలు నింపుకుని ఉండొచ్చు, కూలీలు మారి ఉండొచ్చు కూడా. రవాణా ఓడ ఒంటరిగా తీరానికి 20 నాటికల్ మైళ్ల అవతల నిలిచిపోతే "లాయిటరింగ్". పక్కన ఏఐఎస్ ఆపేసిన ఇంకో ఓడ ఉందేమోనన్న అనుమానం దాని వెనకుంది. "పోర్ట్ విజిట్" అంటే రేవులో ఆగడం. నాలుగోది "గ్యాప్": 50 నాటికల్ మైళ్ల అవతల, సిగ్నల్ బాగా అందుతున్న చోట 12 గంటలకు పైగా మాట ఆగిపోవడం. 2017–19 మధ్య ఇలా కావాలనే ఆపేసినట్టు అనిపించిన సందర్భాలు 55,000కు పైగా తేలాయి. అర్జెంటీనా మండలం అంచు, పశ్చిమాఫ్రికా, వాయవ్య పసిఫిక్ వాటికి ముఖ్య స్థావరాలు. సముద్రపు దొంగల భయంతో ఆపేవాళ్లూ ఉంటారు, మంచి వేట చోటును పక్కవాడికి చెప్పడం ఇష్టంలేక ఆపేవాళ్లూ ఉంటారు. గ్యాప్ ఒక్కటే చూపి దొంగ అనలేం. గ్యాప్ మొదలైంది మండలం సరిహద్దు దగ్గరా, ముగిసింది మళ్లీ అక్కడేనా, మధ్యలో ఎన్ని రోజులు, ముగిసిన వెంటనే రవాణా ఓడతో ఎన్‌కౌంటర్ ఉందా అన్నవి కలిపి చూడాలి.

ఆ తర్వాత మ్యాప్ మూసేసి బయటికి రండి. అనుమతి ఉందా లేదా అన్నది మ్యాప్ చెప్పదు. ట్యూనా ఓడ అయితే హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ అనుమతి జాబితాలో ఐఎంఓ నంబరు కొట్టి చూడాలి. ఆ కమిషన్‌కు విడిగా ఐయూయూ ఓడల జాబితా ఉంది. అన్ని ప్రాంతీయ సంస్థల జాబితాలనూ కలిపి ట్రిగ్ మ్యాట్ ట్రాకింగ్ అనే సంస్థ ఉచితంగా పెట్టింది, అక్కడా వెతకండి. ఈ మూడు పనులూ చేయకుండా స్క్రీన్‌షాట్ తీసి సోషల్ మీడియాలో "చైనా దొంగ ఓడ" అని పెడితే మీరు చేసింది నిఘా కాదు, పుకారు.

గీతల్ని నమ్మొద్దు

మ్యాప్‌లో దేశాల మండలాల గీతలు మెరైన్ రీజియన్స్ అనే బెల్జియం డేటాబేస్ నుంచి తెచ్చుకున్నవి. చట్టపరమైన సరిహద్దులు కావు. బంగ్లాదేశ్‌తో మన సముద్ర సరిహద్దు 2014 జులైలో మధ్యవర్తిత్వ తీర్పుతో తేలింది. గుజరాత్ పక్కన సర్ క్రీక్ ముందు ఇప్పటికీ తేలలేదు. 2018 నవంబరులో వెరావల్ నుంచి వేటకెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కింది ఆ వైపే. 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చేసరికి ఏడాది దాటింది. అందువల్ల ఈ మ్యాప్‌ను పడవ మీద దారి చూసుకోవడానికి ఎవరూ వాడకూడదు. పైగా సమాచారం కొన్ని రోజుల పాతది. పడవ తప్పిపోయిందని దీన్ని తెరవడం వృథా. కోస్ట్ గార్డ్‌కు 1554 కొట్టండి.

పక్క దుకాణాల మాట

మెరైన్‌ట్రాఫిక్, వెసెల్‌ఫైండర్ లాంటివి ఓడ ఇప్పుడు ఎక్కడుందో చెబుతాయి, లోతుకెళితే డబ్బు అడుగుతాయి, వేట గురించి వాటికి ప్రత్యేకంగా పట్టదు. స్కైలైట్ అనేది అలెన్ ఏఐ సంస్థది. అనుమానాస్పద కదలికను అప్పటికప్పుడు హెచ్చరికగా పంపుతుంది, ప్రధానంగా గస్తీ సంస్థల కోసం. అమెరికా నడిపే సీవిజన్ ప్రభుత్వాల మధ్య పంచుకునే తెర, మామూలు జనానికి ప్రవేశం లేదు. 2022 మేలో టోక్యోలో క్వాడ్ దేశాలు ప్రకటించిన సముద్ర నిఘా భాగస్వామ్యంలో రేడియో తరంగాల్ని పసిగట్టే ఉపగ్రహాల సమాచారం కూడా కలుస్తుంది. ఏఐఎస్ ఆపేసిన ఓడ రాడార్‌ను, రేడియోను మాత్రం ఆపుకోలేదు కదా. మన నేవీ గురుగ్రామ్‌లో 2018 డిసెంబరులో తెరిచిన హిందూ మహాసముద్ర సమాచార కేంద్రంలో మిత్రదేశాల అధికారులు మనవాళ్ల పక్కనే కూర్చుని పనిచేస్తారు. నెలవారీ నివేదికల్లో అక్రమ వేటకు విడిగా చోటుంటుంది. 2008లో ముంబై మీద దాడికి వచ్చినవాళ్లు ఎక్కిన పడవ "కుబేర్" చేపల ట్రాలరే. చేపల పడవల మీద కన్ను అనేది మనకు చేపల శాఖ సంగతి ఒక్కటే కాకుండా పోయింది అందుకే.

ఈ అన్నిటిలో సామాన్యుడికి తలుపు తీసి ఉన్నది గ్లోబల్ ఫిషింగ్ వాచ్ ఒక్కటే. నాలుగు రకాల చూపు కలిస్తే ఏమవుతుందో ఉత్తర కొరియా నీళ్లలో చూశాం. ఏఐఎస్, రాడార్, రాత్రి దీపాలు, ఉపగ్రహ ఫొటోలు కలిపి చూస్తే 2017లో 900కు పైగా, 2018లో 700కు పైగా చైనా మూలపు ఓడలు అక్కడ వేటాడినట్టు తేలింది. ఫొటోల్లో జంట ట్రాలర్లు రెండేసి చుక్కలుగా పక్కపక్కన పోవడం కూడా దొరికింది. రెండేళ్లలో పట్టిన స్క్విడ్ అంచనా 1.64 లక్షల టన్నులు, విలువ 44 కోట్ల డాలర్లకు పైనే. తమ నీళ్లలో చోటు దక్కని ఉత్తర కొరియా చెక్క పడవలు రష్యా వైపు పోయి, ఇంధనం అయిపోయి, శవాలతో జపాన్ తీరానికి కొట్టుకొచ్చేవి. దక్షిణ కొరియా, జపాన్, అమెరికా, ఆస్ట్రేలియా పరిశోధకులు కలిసి చేసిన పని అది. అందులో ఏ ఒక్క లేయరూ ఒంటరిగా ఆ కథ చెప్పలేదు.

ఎవరికి ఎన్ని మార్కులు

విద్యార్థికి, విలేకరికి 5కు 4.5. ప్రాంతం మీద నొక్కి రిపోర్ట్ తీసుకుంటే ఏ జెండా ఓడలు ఎన్ని గంటలు ఉన్నాయో గ్రాఫ్ వస్తుంది, సీఎస్‌వీ (పట్టిక ఫైలు) దింపుకోవచ్చు. సొంతంగా గీసుకున్న ప్రాంతానికీ రిపోర్ట్ వస్తుంది. మొదటి ప్రయోగంగా తూర్పు తీరం వేట విరామం తీసుకోండి. మనది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. బంగ్లాదేశ్ విరామం 2024 వరకు మే 20 నుంచి జులై 23 దాకా ఉండేది, అంటే వాళ్లు ఆగిన సమయంలో సగానికి పైగా మనవాళ్లు వేటలో ఉండేవారు. "మా చేపలు వాళ్లు పట్టుకుపోతున్నారు" అని అక్కడి జాలర్ల గోల. 2025లో వాళ్లు ఏప్రిల్ 15 నుంచి జూన్ 11కు మార్చుకున్నారు. 2024, 2025 జూన్ 15 నుంచి జులై 23 దాకా రెండు దేశాల సరిహద్దు పట్టీ గీసి రాడార్ లేయర్‌లో పోల్చి చూడండి. ఏఐఎస్ లేయర్‌లో పోలిస్తే ఏమీ తేలదు, కారణం పైన చెప్పాం.

సముద్ర ఉత్పత్తుల ఎగుమతిదారుకు 3. ఐరోపాకు పంపే సముద్రపు చేపకు 2010 నుంచి క్యాచ్ సర్టిఫికెట్ కావాలి. మన దగ్గర ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) ఇస్తుంది, చెరువు రొయ్యకు అది అక్కర్లేదు. 2026 జనవరి 10 నుంచి ఐరోపా ఆ కాగితాలను క్యాచ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి మార్చింది. 13 మీటర్ల బోటు దగ్గర కొన్న సరుకుకు ఈ మ్యాప్ సాక్ష్యం చెప్పలేదు. అదే విదేశీ ఓడ పట్టిన ట్యూనా, స్క్విడ్ దిగుమతి చేసి శుద్ధిచేసి పంపేవాళ్లయితే, కొనేముందు ఆ ఓడ ఐఎంఓ నంబరు ఇక్కడ కొట్టి ఏడాది ట్రాక్, గ్యాపులు, ఎన్‌కౌంటర్లు చూసుకోవడానికి అరగంట చాలు. కంటైనర్ రాటర్‌డామ్‌లో ఆగిపోయాక చూసుకోవడం కంటే చవక. అయితే వ్యాపార వాడకానికి లైసెన్స్ ఒప్పుకోదు కాబట్టి డేటా దింపి మీ నివేదికల్లో కలపాలంటే ముందు వాళ్లకు రాసి అడగండి.

హార్బర్‌లో సరంగుకు, కళాసికి 1. అది కూడా దయతలిచి. భాష రాదు, తాజా సమాచారం కాదు, తన పడవే అందులో ఉండదు. ఆయనకు కావాల్సింది కేబిన్‌లో ఆ ట్రాన్స్‌పాండర్ పెట్టె, చార్జి ఉన్న బ్యాటరీ, ఉప్పు పట్టకుండా రెండు వారాలకోసారి తుడిచిన యాంటెన్నా కనెక్షన్.